కలంకారీ పనికి గిట్టుబాటు కూలి, ధర ఎలా లెక్క కట్టుకోవాలి?

కలంకారీ నేర్చుకున్నవారు, నేర్చుకోవాలనుకుంటున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. ఈ పనిలో నెలకు ఎంత వస్తుందన్నది ఒకటి, చేతిలో ఉన్న దుపట్టానో చీరనో చూపించి దీనికి ఎంత చెప్పమంటారన్నది రెండోది. మొదటి ప్రశ్నకు సొంత లెక్క లేకుండానే రెండో ప్రశ్నకు పక్కింటివారి ధర చూసి జవాబు చెప్పుకోవడం మనకు అలవాటు. అందుకే పదిహేనేళ్లు కలం పట్టినవారిని కూడా గంటకు మీకు ఎంత గిట్టుతోందని అడిగితే నిలబడి ఆలోచిస్తారు. ఆ గంట కూలిని ఎవరికి వారు తేల్చుకుని, దాని మీద ధర కట్టి, ఆ తర్వాత ఏ నైపుణ్యం మీద సమయం పెట్టాలో నిర్ణయించుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. గుడ్డ మీద కలంతో గీసే శ్రీకాళహస్తి చేతి గీత పనిని ఉదాహరణగా తీసుకున్నాను. పెడన అద్దకం పనివారికీ, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల వారికీ, చేర్యాల నకాషీ పటాల వారికీ దశల పేర్లు మారతాయి గాని లెక్క ఇదే.

ఇందులో వేసిన రూపాయల అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. వాటిని ఊరి ధరలుగా తీసుకోకుండా మీ అంకెలు పెట్టుకోండి.

కావలసినవి

పెద్ద నోటుబుక్కు, ఫోనులోని గడియారం, గ్రాములు చూపించే చిన్న త్రాసు, కిందటి ఏడాది బ్యాంకు పాసుపుస్తకం, గుడ్డ, కరక్కాయ, రంగుల కొనుగోలు చీటీలు ఉంటే చాలు. చీటీలు లేకపోతే ఈ రోజు నుంచే దాచడం మొదలుపెట్టండి. మొదటి నాలుగు వారాలు పనిలో ఏ మార్పూ చేయకుండా రాసుకుంటూ పోవాలి కాబట్టి, ఫలితం వెంటనే కనబడలేదని విసుక్కోకండి.

1. నాలుగు వారాలు గంటలు రాయండి

ప్రతి ముక్కకూ ఒక పేజీ కేటాయించి, దశల వారీగా సమయం రాయండి. గాడా అనే ముతక నూలు గుడ్డను ఉతికి గంజి వదిలించడం, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టడం, చింతబొగ్గుతో నమూనా వేయడం, కసిమి అనే నల్ల రంగుతో గీత గీయడం, ఎర్ర రంగు పట్టాల్సిన చోట పటిక నీళ్లు పూయడం, ఉడికించడం, ఉతకడం, పసుపు, నీలం నింపడం, చివరి ఉతుకు, ఇస్త్రీ. ఇలా విడివిడిగా రాస్తేనే తర్వాతి మెట్లు పనికొస్తాయి. “దుపట్టా, రెండు రోజులు” అని రాసుకుంటే రాయనట్టే.

సమయాన్ని రెండు వరుసల్లో రాయాలి. ఒకటి చేయి ఆడే సమయం, రెండోది ఆరే సమయం. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరి కసిమి కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కానీ దానికి మీరు వెచ్చించేది మహా అయితే గంటన్నర. గుడ్డ ఎండలో ఉన్నంతసేపూ మీరు వేరే ముక్క మీద గీత గీస్తూ ఉండవచ్చు. కూలి కట్టవలసింది మొదటి వరుసకు మాత్రమే. రెండో వరుస ఆర్డరు గడువు చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, పని చకచకా సాగిన రోజు సమయాన్నే అన్ని ముక్కలకూ వేసుకోవడం. కలానికి ఉన్ని మళ్లీ చుట్టుకున్న పది నిమిషాలు, కసిమి పల్చబడి గీత పాకితే దాన్ని సరిచేసిన అరగంట, నీళ్లు లేక గుడ్డలు మోసుకుని మరో చోటికి వెళ్లి ఉతికిన పూట, ఇవన్నీ పనే. అంతకంటే పెద్ద తప్పు ఇంట్లోవారి సమయాన్ని వదిలేయడం. నేను మొదటిసారి ఈ పుస్తకం రాసినప్పుడు, రెండున్నర మీటర్ల దుపట్టా ఒకదానికి నా లెక్కలో పదమూడు గంటలు వచ్చింది. ఆ రాత్రి పుస్తకం చూసిన నా భార్య, “పసుపూ నీలం నింపిన నాలుగు గంటలు ఏ పేజీలో ఉన్నాయి?” అని అడిగింది. ఏ పేజీలోనూ లేవు. అప్పటికి అలాంటి దుపట్టాలు మా ఇంటి నుంచి ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఇంటివారి గంటలకు మీ రేటే వేయడం ఎక్కువనిపిస్తే, మీ ఊళ్లో రంగులు నింపే బయటివారికి ఇచ్చే కూలి వేయండి, సున్నా మాత్రం వేయకండి.

2. ఏడాదిలో నిజమైన పనిదినాలు తేల్చండి

నెలకు ముప్పై రోజులు పనిచేస్తామనుకుని కట్టిన ధర ఏదీ నిలవదు. 365 రోజుల్లోంచి ఆదివారాలు 52, పండుగలు, ఇంటి శుభకార్యాలు 20, వానకు గుడ్డ ఆరని రోజులు 35, మేళాలు, ప్రయాణాలు 20, సరుకు కొనడానికి, కొనుగోలుదారులను కలవడానికి 18 తీసేయండి. మిగిలేవి 220. శ్రీకాళహస్తి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, పెళ్లిళ్లకూ చలికాలపు మేళాలకూ సరుకు కావలసిందీ సరిగ్గా అప్పుడే. కాబట్టి ఉడికించే పనీ ఉతికే పనీ సెప్టెంబరులోగా ముగించుకుని, వాన నెలలకు గీత పనిని మిగుల్చుకోవడం మంచిది.

3. గంట కూలి కట్టండి

ఇంటి ఖర్చుకు మీ పని నుంచి నెలకు 20,000 కావాలనుకుంటే ఏడాదికి 2,40,000. పనిచేసే చోటి అద్దె, కరెంటు, ఫోను, పాత్రలు, పొయ్యి మరమ్మతు కలిపి 24,000. రోగానికీ వృద్ధాప్యానికీ దాచవలసింది 36,000. మొత్తం రూ. 3,00,000. దీన్ని 220తో భాగిస్తే రోజుకు సుమారు 1,364 వస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా చేయి ఆడేది ఆరు గంటలే అని మీ పుస్తకమే చెబుతుంది కాబట్టి, ఆరుతో భాగించండి. సుమారు 227, సర్దుకుని 230 అనుకుందాం.

దాచుకునే సొమ్మును కొట్టేసి ఈ అంకెను తగ్గించాలని చాలామందికి అనిపిస్తుంది. కలం పనికి కళ్లూ నడుమూ పెట్టుబడి. నలభై దాటాక సన్నగీతకు చూపు ఆనకపోతే కళ్లద్దాలు కొనాల్సిందీ మీరే, పని తగ్గించుకోవాల్సిందీ మీరే. ఆ పద్దు కొట్టేయకండి.

4. సరుకు ఖర్చు, పాడైపోయే ముక్కలు కలపండి

నా దుపట్టానే తీసుకుందాం. నమూనాకు గంటన్నర, కసిమి గీతకు ఏడు గంటలు, పటికకు గంటన్నర, ఉడికించి ఉతకడానికి రెండున్నర, రంగులు నింపడానికి నాలుగు, చివరి పనికి అరగంట, మొత్తం పదిహేడు గంటలు. 230 చొప్పున రూ. 3,910. గుడ్డకు 420, కరక్కాయకూ పాలకూ 60, రంగులకూ పటికకూ 130, కట్టెలకు 70, కలిపి 680. మొత్తం 4,590.

ఇక్కడితో ఆగకూడదు. పాలు సరిగా పట్టక రంగు పాకినవీ, ఉడుకులో మచ్చలు పడినవీ ఇరవైకి ఒకటైనా ఉంటాయి. ఇరవై ముక్కల ఖర్చును పందొమ్మిది ముక్కలు మోయాలి కాబట్టి 4,590ని ఇరవైతో హెచ్చించి పందొమ్మిదితో భాగిస్తే సుమారు 4,830 అవుతుంది. మీ గిట్టుబాటు ధర ఇదే. దీనికి కింద అమ్మిన ప్రతి రూపాయీ మీ కూలిలోంచి పోతుంది, ఎందుకంటే గుడ్డ కొట్టువాడు తన ధర తగ్గించడు.

రంగుల ఖర్చును అంచనాగా రాయకండి. పటికను, నీలిమందును వాడేముందూ వాడాకా తూచి, నెలలో వాడిన మొత్తాన్ని ముక్కల మీద పంచితే అసలు అంకె దొరుకుతుంది.

5. ఎవరికి అమ్ముతున్నారో చూసి ధర చెప్పండి

ఒకే ముక్కకు మూడు లెక్కలు ఉంటాయి.

యజమాని దగ్గర ముక్కకింత అని చేస్తున్నట్లయితే, గుడ్డా రంగూ అమ్మకమూ ఆయనవే, మీది చేతిపని మాత్రమే. పై దుపట్టాకు నమూనా, గీత కలిపి ఎనిమిదిన్నర గంటలు. దానికి 1,800 ఇస్తే గంటకు సుమారు 212 పడుతుంది. అమ్ముడుపోతుందో లేదోనన్న దిగులు లేకుండా వచ్చే 212 సొంతంగా చేసుకుని ఎప్పుడో రాబోయే 230 కంటే కొన్నిసార్లు మేలే. 1,000 మాత్రమే ఇస్తే 118 పడుతుంది, అప్పుడు మాట్లాడవలసిందే. ముక్కకూలిని చిన్నచూపు చూసి సొంతంగా దిగి అప్పుల పాలైనవారినీ, ముక్కకూలిలోనే ఉండిపోయి తన గీతకు బయట ఎంత విలువ ఉందో తెలుసుకోనివారినీ చూశాను. రెండుచోట్లా లోపించింది గంటల లెక్కే.

కొట్టుకు టోకున ఇస్తే 4,830కి తగ్గకూడదు. కొట్టువారు దానికి దాదాపు రెట్టింపు చెప్పి అమ్మడం మామూలే. వారి అద్దె, మనుషులు, అమ్ముడుపోని సరుకు అందులో ఉంటాయి కాబట్టి దాన్ని చూసి బాధపడవలసిన పని లేదు.

మేళాలో మీరే అమ్మితే ప్రయాణం, బస, స్టాలు ఖర్చు కలపాలి. వారం రోజులకు 14,000 అయి ఇరవై ముక్కలు అమ్మగలమనుకుంటే ముక్కకు 700, అంటే 5,530. మేళాలో కూర్చున్న రోజుల కూలిని మళ్లీ కలపకండి. రెండో మెట్టులో ఆ 20 రోజులు తీసేశాం గనక, అవి గంట కూలిలో ఇప్పటికే చేరిపోయాయి. అలాగని మేళా చివరి రోజు సంచులు మోయలేక టోకు ధరకంటే తక్కువకు వదిలేయకండి. మీ సరుకు కొన్న కొట్టువారికి ఆ మాట చేరుతుంది, ఆ తర్వాతి ఆర్డరు రాదు.

6. ధర బజారుకు ఎక్కువైతే గంటలు తగ్గించండి, కూలి కాదు

“ఇదే కలంకారీ పక్క కొట్లో ఆరువందలకు దొరుకుతోంది” అనే మాట మీరు తప్పకుండా వింటారు. అది మిల్లులో కలంకారీ నమూనా అచ్చువేసిన గుడ్డ. దానితో ధరలో పోటీ పడలేం, పడకూడదు. వాదన పెట్టుకోకుండా మీ గుడ్డను తిరగేసి చూపించండి. చేతి పనిలో రంగు వెనక్కి దిగి ఉంటుంది, ఒకే పువ్వు రెండుచోట్ల ఉన్నా గీత ఒకేలా ఉండదు, కొత్త గుడ్డకు కరక్కాయ, పాల వాసన ఉంటుంది. ఉడికించకముందు, ఉడికించాక తీసిన రెండు ఫోటోలు ఫోనులో ఉంచుకుంటే పది మాటలు ఆదా అవుతాయి.

అయినా 4,830 పెట్టే కొనుగోలుదారు దొరకకపోతే తక్కువ గంటల్లో అయ్యే వస్తువు చేయండి. అదే దుపట్టాకు మధ్య పని వదిలి అంచు, రెండు కొంగులు మాత్రం గీస్తే తొమ్మిది గంటలు, సరుకు 600 అనుకుంటే పాడైనవి కలిపి సుమారు 2,810 పడుతుంది. గంటకు మీ 230 చెక్కుచెదరలేదు. దీనికి బదులుగా నిండు పని దుపట్టానే 3,000కు ఇచ్చేస్తే గంటకు మిగిలేది 130 దాకా మాత్రమే. చిన్న గోడపటాలు, బ్లౌజు గుడ్డలు కూడా ఇలాంటి ప్రత్యామ్నాయాలే.

రంగు రసాయనానికి మార్చి ఖర్చు తగ్గించుకోవాలని కొందరు సలహా ఇస్తారు. పై లెక్క చూడండి, రంగులకూ పటికకూ అయ్యేది 130 మాత్రమే. దాన్ని మిగుల్చుకోబోయి సహజ రంగు అన్న మాట పోగొట్టుకోవడం నాకు తెలివైన బేరంలా కనిపించదు. చెప్పకుండా మార్చి సహజమని అమ్మితే అది మోసం.

7. ఏ నైపుణ్యం పెంచుకుంటే కూలి పెరుగుతుందో పరీక్షించండి

మన పనిలో ముఖాలు, చేతివేళ్లు తీర్చగలవారికి ఒక కూలి, అంచులు, లతలు గీసేవారికి ఒక కూలి, రంగులు నింపేవారికి ఒక కూలి. కింది మెట్టులో ఉన్నవారు పైకి రావడానికి దగ్గరి దారి ముఖాలు గీయడమే. రోజూ అరగంట పాత గుడ్డ మీద కన్ను, ముక్కు, కిరీటం మాత్రమే గీయండి. ప్రతి పదిహేను రోజులకు అదే ముఖాన్ని మళ్లీ గీసి, తారీకు వేసి, పక్కపక్కన పెట్టి చూడండి. కలం మధ్యలో ఆపిన చోట గీత మీద చిన్న గడ్డ కడుతుంది. ఆ గడ్డలు తగ్గుతున్నాయా లేదా అన్నదే మీ పరీక్ష.

గీత బాగా వచ్చినవారికి తర్వాత కావలసింది సొంత కూర్పు. రామాయణ ఘట్టాల పటాన్ని గురువు కూర్చినట్టే వేయగలవారు చాలామంది ఉన్నారు. గోడ కొలత చెప్పి, కథ చెప్పి, మీరే గళ్లు విభజించుకోండని అంటే చేయగలవారు తక్కువ. ఇళ్లు, హోటళ్లు, కార్యాలయాల గోడలకు వచ్చే పెద్ద ఆర్డర్లు ఆ తక్కువమందికే వెళ్తాయి. నేర్పడం కూడా ఒక దారే. 1950ల చివర చేతిపనుల ఉద్యమకారిణి కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోద్బలంతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టినప్పటి నుంచి ఈ ఊళ్లో నేర్పి బతికినవారు ఉన్నారు. కలంకారీని జనానికి చేర్చిన జె. గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, ఆయన గీసినవారే కాదు, నేర్పినవారు కూడా. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలోనూ కలంకారీ నేర్పుతారు. నేర్పే పనికి కూలి కట్టేటప్పుడు తరగతి గంటలతో పాటు గుడ్డ సిద్ధం చేసిన గంటలను కూడా కలుపుకోండి.

కొత్తగా ఈ పనిలోకి రావాలనుకునేవారు మొదటి ఏడాది ఇంటి ఖర్చుకు దీని మీద ఆధారపడకండి. నెల జీతం ఇచ్చే ఉద్యోగాలు ఈ రంగంలో తక్కువ. చాలామంది ముక్కకూలి, సొంత ఆర్డర్లు, ఏడాదికి రెండు మూడు మేళాలు, అప్పుడప్పుడు శిక్షణ కలిపి బతుకుతారు. ఉన్న పని వదలకుండా వారానికి రెండు రోజులు ఇటు పెట్టి, ఆ రెండు రోజుల గంట కూలి మీ పాత పని కూలిని దాటాకే మూడో రోజును ఇటు మార్చండి.

8. కాగితాలు సిద్ధం చేసుకోండి

హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు లేకుండా కేంద్రం నిర్వహించే మేళాలకు, శిక్షణలకు దరఖాస్తు పెట్టుకోవడం కష్టం. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. దీనికి ప్రభుత్వ రుసుమేమీ లేదు కాబట్టి, వేలు అడిగే మధ్యవర్తిని నమ్మకండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. అయితే దాన్ని వాడుకోవాలంటే భౌగోళిక గుర్తింపుల చట్టం కింద అధీకృత వాడుకరిగా మీ పేరు విడిగా నమోదు కావాలి.

సంప్రదాయ చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ గురించి చాలామంది అడుగుతున్నారు. అందులోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఉంది, కలంకారీ లేదు. కొండపల్లి, ఏటికొప్పాక వారు తప్పక చూడండి. కలంకారీ వారు వేరే వృత్తి పేరు రాయించి చేరే ప్రయత్నం చేయకండి, పరిశీలనలో ఇబ్బంది పడతారు.

9. ఆర్డరును కాగితం మీద పెట్టండి

కొలత, నమూనా ఫోటో, ముక్కల సంఖ్య, ధర, గడువు, ముందస్తు సొమ్ము, మిగతా సొమ్ము ఇచ్చే తారీకు. ఈ ఏడూ వాట్సాప్‌లో పంపి, అవతలివారు సరే అన్నాకే గుడ్డ తడపండి. సహజ రంగుల్లో ముక్కకూ ముక్కకూ ఛాయ కొంత మారుతుందన్న మాట కూడా అందులోనే రాయండి. ముందుగా సగం తీసుకోవడం నా పద్ధతి. సగం ఇవ్వలేనివారు కనీసం సరుకు ఖర్చయినా ఇవ్వాలి.

నాకు ఇది తెలిసిరావడానికి పన్నెండు చీరలు పట్టాయి. ఒక నగరంలోని కొట్టువారు అమ్ముడైతేనే డబ్బు అన్న షరతు మీద తీసుకుని, ఏడు నెలల తర్వాత అయిదింటికి డబ్బులిచ్చి, ఏడు వెనక్కి పంపారు. వాటిలో మూడు అద్దాల గదిలో పెట్టడం వల్ల మడతల వెంబడి వెలిసి ఉన్నాయి. కాగితం లేదు కాబట్టి అడగడానికీ ఏమీ లేదు.

ఉద్యం నమోదు ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఒక రక్షణ ఇస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు స్వీకరించిన 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే వడ్డీ అడగవచ్చు, ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే అమ్ముడైతేనే డబ్బు అని మీరే ఒప్పుకుంటే అది అమ్మకం కిందికి రాదని అవతలివారు వాదిస్తారు. తప్పనిసరై అలా ఇస్తే రెండు మూడు ముక్కలు మించకుండా, తిరిగి ఇచ్చే తారీకూ పాడైతే ఎవరు భరించాలన్నదీ రాయించుకుని ఇవ్వండి.

10. ఫలితం సరిచూసుకోండి

ముందు సరుకును చూడండి. ప్రతి ఉడుకు నుంచి ఒక జానెడు ముక్కను మిగుల్చుకోండి. సగాన్ని అట్టతో కప్పి వారం రోజులు ఎండలో పెట్టి, తర్వాత అట్ట తీసి రెండు సగాల్నీ పోల్చండి. తడి తెల్లగుడ్డతో ఎరుపు మీద, నీలం మీద రుద్ది చూడండి. రంగు బాగా అంటితే ఆ విడత సరుకు బయటికి పంపకండి. పటిక తక్కువైందా, ఉతుకు చాలలేదా అని మొదటి మెట్టులోని పేజీ చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది.

తర్వాత కూలిని చూడండి. మూడు నెలల్లో చేతికి వచ్చిన సొమ్ము 98,000, సరుకుకు పోయింది 17,000, ప్రయాణాలకు 6,000 అయితే మిగిలింది 75,000. పుస్తకంలో ఇంటివారివి కూడా కలిపి 330 గంటలు ఉంటే గంటకు సుమారు 227, అంటే అనుకున్న చోటే ఉన్నారు. 160 వస్తే మొత్తం పనిని నిందించకుండా ముక్కల వారీగా చూడండి. అన్నీ తక్కువగా ఉండటం అరుదు. సాధారణంగా ఒక మొహమాటపు ఆర్డరో, నమూనా మూడుసార్లు మార్పించిన ఒక కొనుగోలుదారో దొరుకుతారు. రావలసిన బాకీని వచ్చిన సొమ్ములో కలపకండి, చేతికి అందాకే రాయండి.

తేలిన అంకెను పుస్తకం అట్ట లోపల తారీకుతో రాసిపెట్టండి. ఏడాది తిరిగేసరికి గుడ్డ, పాలు, బియ్యం ధరలు మారి ఉంటాయి. అప్పుడు రెండో మెట్టు నుంచి మళ్లీ లెక్క కట్టి, కొత్త ధరల పట్టికను ఏప్రిల్ ఆర్డర్లకు ముందే కొట్టువారికి పంపండి.